స్వర్ణముఖీ తీరమున నొక పల్లె

చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధిని దాటి, తూర్పుసముద్రమును చేరు స్వర్ణముఖిని మన సీమలో నెరుగని స్త్రీ యుండదు. కాని తిరుపతికిని కాళహస్తికిని నడుమ, రేణిగుంటకు చేరువను, ఆ యేటి యొడ్డున నున్న గుడిమల్లమను చిన్నపల్లెను చూచినవారు మనలో నరుదు. పెద్ద క్షేత్రములకు పోవు త్రోవలో చిన్న యూళ్లయొద్ద నాగుట మన కలవాటు లేదు. గతమాసమున మే మక్కడ నొకపూట నిలిచితిమి.

ఊరు చిన్నది, దేవుడు మిక్కిలి ప్రాచీనుడు. పరశురామేశ్వరుని గర్భగృహము వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రముగా నుండును. లోపలి నేల పల్లముగా నుండుటచే దిగి చూడవలెను. అందు సుమారైదడుగుల శిలాలింగమును, దాని ముఖమున నిలువుగా చెక్కబడిన శివుడును గలరు. స్వామి కొకచేత పొట్టేలు, వేరొకచేత చిన్న జలపాత్ర, భుజమున గండ్రగొడ్డలి, పాదములక్రింద మరుగుజ్జు యక్షుడు. గోపీనాథరావుగారు 1916లో వెలువడిన తమ విగ్రహశాస్త్ర గ్రంథమున దీనిని వర్ణించిరి. ఇది క్రీస్తునకు పూర్వము 2, 1 శతాబ్దుల నాటిదని పలువురు పండితుల మతము. తరువాతి కాలపుదనువారును గలరు. 1973లో పురావస్తుశాఖవారు త్రవ్వి చూడగా, తొలుత నీ లింగము గుడి లేక, చుట్టును రాతికంచెతో ఆరుబయట పూజ లందుకొనెనని తేలినది.

పల్లవ, బాణ, చోళరాజుల కాలపు దానశాసనము లచ్చట గలవు. వింత యేమన, వానిలో నీ యూరి పేరు తిరువిప్పరంబేడు. గుడిమల్లమను పేరే కానరాదు. పాతపేరు జనుల నోట నిలువలేదు. క్రొత్తపేరు వచ్చిన విధము నొక యవ్వ మాకు చెప్పినది: “గుడి పల్లంలో ఉండాది గదమ్మా, అందుకే గుడిపల్లం అనిరి. అదే మల్లమాయ.” ఇది శాసనముల కెక్కని చరిత్ర.

ఆమెయే మమ్ము ఏటివైపు చూడుమనెను. “మా కాలాన ఇసకలో చేత్తో చెలమ తోడితే బిందెడు నీళ్లూరేవి. ఇసకంతా తోలకపోయిరి. ఇప్పుడు యాడ తోడినా ఊరదు.”

ఆంగ్లదేశమున 1538 మొదలు ప్రతిగ్రామపు చర్చిలోను జనుల నామకరణములు, వివాహములు, మరణములు వ్రాసి యుంచవలెనని యాజ్ఞ యుండెను. అందుచే నచ్చటి యేటియొడ్డు పల్లె యెంత చిన్నదైనను తన కథను చెప్పుకొనగలదు. మన శాసనములలో దాతల పేర్లు మిగిలినవి. చెలమనీరు మోసిన చేతుల పేర్లు మిగులలేదు. రాయి రెండువేలేండ్లు నిలిచినది, రాతిని కాపాడువారు గలరు. చెలమ యొక్క తరములో మాయమైనది. దానిని వ్రాయువారైన లేరు.

కావున సోదరీమణులారా! మీ యత్తగారిని, అవ్వను నేడే యడుగుడు: మన యూరి కీ పేరెట్లు వచ్చెను? ఏటిలో నీ రెంతవరకుండెడిది? వారు చెప్పినది చెప్పినట్లు, పద్దుపుస్తకము చివరిపుటలనైనను వ్రాసి యుంచుడు. ఆ యవ్వ మాటలను మేము ఇంటికి వచ్చిన రాత్రియే వ్రాసికొంటిమి.