మళ్లీ గొట్టం పరీక్షేనా?

మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డను తీసేశారు. పైన కోత లేదు, కుట్లు లేవు. హమ్మయ్య అనుకునేలోగా డాక్టరుగారు చీటీ రాస్తారు: 'మూడు నెలలకు సిస్టోస్కోపీ'. అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మూత్రనాళం గుండా పంపి లోపలి గోడలు చూడటం. మత్తు జెల్లీ వేస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. అయినా ఆ పేరు వింటేనే గుబులు, ముఖ్యంగా మగవాళ్లకు. 'బాగానే ఉన్నాను కదా' అని మూడోసారికో నాలుగోసారికో మానేసేవారూ ఉంటారు. చిక్కల్లా అక్కడే.

ఎందుకంటే ఇది తిరిగొచ్చే జబ్బు. కొత్తగా బయటపడిన నలుగురిలో దాదాపు ముగ్గురికి గడ్డ కండరంలోకి దిగకుండా పై పొరల్లోనే ఉంటుంది. అది అదృష్టమే. కానీ తీసేశాక మళ్లీ మొలవడం చాలా మామూలు. అందుకే ముప్పు ఎక్కువున్నవారికి మొదటి రెండేళ్లూ మూడు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆర్నెల్లకోసారి, ఆపైన ఏటా గొట్టం పరీక్ష తప్పదు. ముప్పు తక్కువైతే మూడో నెలలో చూసి, బాగుంటే ఏడాది దాకా ఆగుతారు.

మరి మూత్రం పరీక్షతో సరిపోదా? ఈ ఆలోచన పాతదే. ఆడవారికి చేసే పాప్ స్మియర్ ఎవరి పేరుమీద వచ్చిందో ఆ పాపనికొలావ్, 1945లోనే మూత్రంలో రాలిన కణాలను మైక్రోస్కోపు కింద పెట్టి క్యాన్సర్‌ను గుర్తించవచ్చని చెప్పారు. ఆ పరీక్షే సైటాలజీ. ఉగ్రమైన రకాన్ని బాగానే పడుతుంది. నెమ్మదైన రకం కణాలు మంచి కణాల్లాగే ఉంటాయి కాబట్టి దాని కంటపడవు. తర్వాత ఎన్‌ఎంపీ22 అనే ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష, క్రోమోజోముల తేడాలు చూసే యూరోవిజన్, డీఎన్‌ఏ మార్పులు పట్టే ఎపిచెక్ వచ్చాయి. ఇవి కొన్నిసార్లు సైటాలజీ వదిలేసినవీ పడతాయి. కానీ ఇన్‌ఫెక్షన్ ఉన్నా, రాళ్లున్నా కొన్ని పరీక్షలు లేని క్యాన్సర్‌ను ఉన్నట్టు చూపిస్తాయి. ఇంటిల్లిపాదికీ నిద్ర కరువవుతుంది!

ఒక్కోసారి గొట్టం పరీక్షలో అంతా శుభ్రం, మూత్రంలో మాత్రం క్యాన్సర్ కణాలు! ల్యాబ్ తప్పని కొట్టేయకూడదు. గోడకు అంటుకున్న పల్చటి మచ్చ కంటికి ఆనకపోయి ఉండొచ్చు. గడ్డ పైన, మూత్రపిండం నుంచి వచ్చే నాళంలో ఉండొచ్చు. గొట్టం చూడలేని చోటును మూత్రం చెబుతుందన్నమాట.

అందుకే ముప్పు ఎక్కువున్నవారికి రెండూ కలిపి చేస్తారు. ముప్పు తక్కువై, గొట్టానికి బొత్తిగా ఒప్పుకోనివారికి మూత్రం పరీక్షతోపాటు అల్ట్రాసౌండ్‌తో నెట్టుకురావచ్చు. అసలు మానేయడం కన్నా అది ఎంతో నయం. కాబట్టి యూరాలజిస్టును ముందు అడగాల్సింది 'నాది ఏ రకం?' అని. బయాప్సీ రిపోర్టు దగ్గరుంచుకోండి.

సైటాలజీకి పొద్దున్నే లేచి మొదటి మూత్రం పట్టి ఇవ్వకండి. రాత్రంతా నిల్వ ఉండి కణాలు పాడైపోతాయి. రెండోసారి వచ్చింది తాజాగా ఇవ్వాలి. ఈలోగా ఒక్కసారి ఎర్రగా కనిపించినా, నొప్పి లేకపోయినా, చీటీలో తేదీ వచ్చేదాకా ఆగొద్దు.