మూలకణాల ముడిసరుకు మన దగ్గరే తయారు కావాలి

మూలకణాలు పెంచే ల్యాబుకు ఆదివారం సెలవుండదు. సంక్రాంతి రోజైనా సరే, ఎవరో ఒకరు వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీయాల్సిందే. ప్లేట్లలో నిన్న పోసిన గులాబీ రంగు ద్రవాన్ని పీల్చి పారేయాలి. వెచ్చబెట్టిన కొత్త మీడియం పోయాలి. మైక్రోస్కోపు కింద కణాల గుంపుల అంచులు చూసుకుని ప్లేట్లను మళ్లీ లోపల పెట్టాలి. ఈ చాకిరీకి ప్రధాన కారణం ఒక్క ప్రొటీన్. పేరు ఎఫ్‌జీఎఫ్-2. మనిషి మూలకణాలు తమ గుణం కోల్పోకుండా నిలబడాలంటే ఇది ఉండాలి. కానీ 37 డిగ్రీల వేడిలో ఒక రోజు తిరిగేసరికే చాలావరకు పాడైపోతుంది. అది తగ్గిందంటే కణాలు దారి మళ్లుతాయి, నెలల శ్రమ నీళ్లపాలవుతుంది.

ఆ ప్రొటీన్ మన ల్యాబులకు ఎక్కువగా విదేశాల నుంచే వస్తోంది. చిటికెన వేలంత సీసాలో, కంటికి సరిగా ఆనని తెల్లటి పొడిగా వస్తుంది. పరిమాణం మైక్రోగ్రాముల్లో, ధర వేల రూపాయల్లో ఉంటుంది. ఆర్డరు పెట్టిన నాటి నుంచి సీసా చేతికి అందేదాకా పరిశోధన ఆగి ఉండాల్సిందే. టీకాలు, బయోటెక్ మందులు టోకున తయారుచేసే హైదరాబాద్ ఉన్న దేశంలో ఈ పరిస్థితి కొనసాగడానికి సరైన కారణం ఒక్కటీ కనిపించదు.

లెక్క చూస్తే విషయం తేటగా తెలుస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1998లో తొలిసారి మనిషి పిండ మూలకణాలను వేరుచేసిన జేమ్స్ థామ్సన్ బృందమే 2011లో ఈ8 అనే మీడియం సూత్రాన్ని ప్రచురించింది. అందులో ఉండేవి ఎనిమిది పదార్థాలే. అమైనో ఆమ్లాలు, చక్కెర, లవణాలు కలిసిన మూల ద్రవం ఒకటి. ఆ తర్వాత ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం, విటమిన్ సి, వంటసోడా. చివరి రెండు ఎఫ్‌జీఎఫ్-2, టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్లు. మొదటి ఆరూ కణాన్ని బతికిస్తే, చివరి రెండూ అది ఏం కావాలో, ఏం కాకూడదో చెబుతాయి. బిల్లు పెరిగేదీ ప్రధానంగా వాటి దగ్గరే. ఈ8 సూత్రం ప్రకారం మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఎఫ్‌జీఎఫ్-2 కావాలి. అంటే అర లీటరు సీసాకు 50 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము ప్రొటీన్ 20 వేల సీసాలకు సరిపోతుంది. ఒక మోస్తరు ఫెర్మెంటర్ నడపగలిగిన చోట గ్రాము ప్రొటీన్ తీయడం పెద్ద పనేమీ కాదు.

ఈ సూత్రం దాకా రావడానికి శాస్త్రవేత్తలకు అర్ధ శతాబ్దం పైనే పట్టింది. 1950ల చివరి నుంచి కణాలకు అన్నిటికీ ఒకటే మందు, గర్భంలోని దూడ రక్తం నుంచి తీసే సీరం. కబేళాకు వచ్చిన ఆవు చూడితో ఉంటే, దూడ గుండెలోంచి రక్తం తీసి దాన్ని తయారుచేస్తారు. అందులో ఏమేం ఉన్నాయో పూర్తిగా ఎవరికీ తెలియదు. ఒక బ్యాచ్‌లో పెరిగిన కణాలు మరో బ్యాచ్‌లో పెరగవు. అందుకే మంచి బ్యాచ్ దొరికితే ల్యాబులు ఏడాదికి సరిపడా కొని ఫ్రీజర్లలో దాచుకునేవి, ఇప్పటికీ దాచుకుంటున్నాయి. ఆ గుట్టును కొంత విప్పినవారు రీటా లెవీ-మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్. ముస్సోలినీ జాతి చట్టాలు యూదులను ఉద్యోగాల నుంచి గెంటేస్తే, లెవీ-మోంటాల్చీని టురిన్‌లోని ఇంట్లో పడకగదినే ల్యాబుగా మార్చుకుని కోడి పిండాలను కోసి చూశారు. యుద్ధం తర్వాత అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నాడీకణాలను పెంచే ఎన్‌జీఎఫ్‌ను కనుగొన్నారు. అది పాము విషంలోనూ, ఎలుక లాలాజల గ్రంథుల్లోనూ దండిగా ఉందని తేల్చిన కోహెన్‌కు, అదే గ్రంథుల సారం ఎక్కించిన ఎలుక పిల్లలు గడువుకు ముందే కళ్లు తెరవడం కనిపించింది. ఎందుకా అని తవ్వితే బయటపడింది ఈజీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది.

ఈ చరిత్రలో తెలుగువాడి చేయీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబులు 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాయి. ఈనాడు కణాలు పెంచే మూల ద్రవాల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఆ విటమిన్ ఉంటుంది.

ఇలాంటి సీరం, ప్రొటీన్ల వంటి రీఏజెంట్ల సంగతి ల్యాబు గోడల మధ్య తేలిపోయే చిల్లర ఖర్చు అనుకునేవారు హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అనుభవాన్ని చూడాలి. పిల్లల చేతిలో సున్నం పొట్లం చిట్లి కంట్లో పడుతుంది. కార్ఖానాలో ఆమ్లం చిందుతుంది. నల్లగుడ్డు చుట్టూ లింబస్ అనే సన్నటి అంచులో ఉండే మూలకణాలు కాలిపోతాయి. ఆ కణాలు పోతే నల్లగుడ్డుపై పొర తిరిగి పెరగదు, తెల్లగుడ్డు పొర, రక్తనాళాలు దాని మీదికి పాకి చూపు పోతుంది. బాగున్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబులో పెంచి, కాలిన కంటిపై అతికించవచ్చని ఇటలీ శాస్త్రవేత్తలు 1997లో ఇద్దరు రోగుల్లో చూపారు. వారి పద్ధతిలో మనిషి కణాల కింద ఎలుక కణాల పరుపు ఉండాలి. దూడ సీరమూ కావాలి.

హైదరాబాద్ వైద్యులు 2001 నుంచి ఈ చికిత్స మొదలుపెట్టి ఆ రెంటినీ పక్కన పెట్టారు. ఎలుక కణాల పరుపు బదులు సిజేరియన్ కాన్పుల్లో తల్లులు దానం చేసిన ఉమ్మనీటి సంచి పొరను వాడారు. దూడ సీరం బదులు రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరం వాడారు. దానికి ఈజీఎఫ్, ఇన్సులిన్ కలిపారు. పది పద్నాలుగు రోజుల్లో కణాలు పొరంతా పరుచుకునేవి. 2011లో వెలువరించిన 200 మంది రోగుల ఫలితాల్లో 71 శాతం మందిలో చికిత్స నిలబడింది. జంతు పదార్థాలు పోవడంతో ఖర్చు తగ్గింది, పరాయి క్రిముల భయమూ తగ్గింది.

అంతటితో ఆగలేదు. 2012లో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు తదితరులు ల్యాబు అవసరమే లేని పద్ధతి ప్రకటించారు. బాగున్న కంటి నుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది తునకలు చేస్తారు. కాలిన కంటిపై ఉమ్మనీటి సంచి పొర పరిచి, దాని మీద ఆ తునకలను ఫిబ్రిన్ జిగురుతో అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. 2016లో ప్రచురించిన 125 కళ్ల ఫలితాల్లో 76 శాతం సఫలమయ్యాయి. కల్చర్ గది లేని ఆసుపత్రిలోనూ ఈ శస్త్రచికిత్స చేయవచ్చు. భారత నేత్రవైద్యం ప్రపంచానికి ఇచ్చిన గొప్ప కానుకల్లో ఇదొకటి. ఏ పదార్థం వాడాలి, ఏది మానాలి అన్న చిన్న నిర్ణయాలే చికిత్స ఎంతమందికి అందాలో తేల్చాయి.

అయితే ల్యాబును తప్పించుకునే ఈ వెసులుబాటు అన్ని అవయవాలకూ దొరకదు. రెటీనా కణాలో, గుండె కండర కణాలో, ఇన్సులిన్ స్రవించే కణాలో కావాలంటే వాటిని వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ప్లేట్లలో పెంచక తప్పదు. దశ మారినప్పుడల్లా గ్రోత్ ఫ్యాక్టర్లు మారుతుంటాయి, ఖర్చూ పెరుగుతుంటుంది. ధర భయానికి పరిశోధకులు ప్రయోగాన్ని మూడుసార్లు చేయాల్సిన చోట ఒకసారి చేసి సరిపెట్టుకుంటే నష్టపోయేది శాస్త్రమే.

దిగుమతి మీద బతకడం ఎంత ప్రమాదమో 2024 జులైలో తెలిసింది. కేంద్ర బడ్జెట్ ల్యాబు రసాయనాలపై కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి ఒక్కసారిగా 150 శాతానికి పెంచింది. ఆ పేరుతో వేరే సరుకు దేశంలోకి వస్తోందన్న అనుమానంతో తెచ్చిన మార్పు అది. దెబ్బ మాత్రం పరిశోధకుల మీద పడబోయింది. శాస్త్రవేత్తలు గట్టిగా మొత్తుకోవడంతో, సొంత వాడకానికి తెచ్చుకునేవారికి కొద్ది రోజుల్లోనే పాత సుంకాన్ని పునరుద్ధరించారు. ఆ మధ్యలో ధరలు చెప్పలేక సరఫరాదారులు చేతులెత్తేశారు. ఒక్క నోటిఫికేషన్‌తో దేశంలో పరిశోధనలు ఆగిపోయే స్థితి ఉండకూడదు.

సొంతంగా చేసుకోవడం సాధ్యమా అంటే, అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లోనే చేసి చూపారు. బీ8 అనే వారి మీడియంలోని రీఏజెంట్ల ఖర్చు బజారు మీడియం ధరలో 3 శాతమే. ఎఫ్‌జీఎఫ్-2తో సహా మూడు ప్రొటీన్లను ఈ.కోలై బ్యాక్టీరియాలో తమ ల్యాబులోనే తయారుచేసుకోవడం అందుకు ముఖ్య కారణం. వారు వాడిన ఎఫ్‌జీఎఫ్-2 వేడికి తట్టుకునేలా మార్చిన రకం. కాబట్టి శని, ఆదివారాల్లో మీడియం మార్చే పనీ తప్పింది. తయారీ పద్ధతిని దాచుకోకుండా ప్రచురించారు.

ఈ.కోలైలో మనిషి ప్రొటీన్ తయారుచేయడం హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. డాక్టర్ రెడ్డీస్ 2001లో విడుదల చేసిన గ్రాఫీల్, జీ-సీఎస్ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టరే. కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయిన రోగులకు ఇస్తారు. ఎముక మజ్జలోని రక్త మూలకణాలను రక్తంలోకి రప్పించేదీ ఈ జీ-సీఎస్ఎఫే. మనిషి ఒంట్లోకి ఎక్కించే స్థాయి గ్రోత్ ఫ్యాక్టర్‌ను పాతికేళ్ల క్రితమే తయారుచేసిన నగరానికి, ప్లేటులో పోసే ఎఫ్‌జీఎఫ్-2 అసాధ్యమెలా అవుతుంది? అంతకుముందు 1997లో శాంతా బయోటెక్నిక్స్ తొలి దేశీయ హెపటైటిస్-బి రీకాంబినెంట్ టీకా తెచ్చింది. ఆ ప్రయత్నానికి ఉస్మానియా, సీసీఎంబీ ల్యాబులే తొలి నీడనిచ్చాయి. దేశీ టీకా రాగానే సామాన్యుడికి అందని ధర దిగివచ్చింది.

ఇంకో మాట. రీఏజెంట్లన్నీ ప్రొటీన్లు కావు. మూలకణాలను విడివిడిగా తీసినప్పుడు చచ్చిపోకుండా కాపాడే వై-27632 మామూలు చిన్న రసాయన అణువు. జపాన్‌లో సాసాయి బృందం 2007లో దాని ఉపయోగం చూపింది. బల్క్ డ్రగ్ తయారీలో చేయి తిరిగిన హైదరాబాద్, విశాఖ కంపెనీలకు ఇలాంటి అణువులు కష్టం కావు. వారికి కనిపించనిది గిరాకీ. కిలోల్లో అమ్మేవారికి మిల్లీగ్రాముల బజారు ఆనదు. అందుకే ఇది బజారుకు వదిలేస్తే జరిగే పని కాదు, ప్రభుత్వ సంస్థ పూనుకోవాలి.

అభ్యంతరం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ప్రతి ల్యాబూ తన ప్రొటీన్ తాను చేసుకుంటే నాణ్యత చేతికో రకంగా ఉంటుంది. ఈ.కోలైలో తీసిన ప్రొటీన్‌లో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం మిగిలితే కణాలు తేడాగా ప్రవర్తిస్తాయి. దోషం ఎక్కడుందో తెలియక విద్యార్థి ఏడాది పోగొట్టుకుంటాడు. పేరున్న కంపెనీ సీసాకు పరిశోధకులు అంత ధర పెట్టేది ఈ భయంతోనే, అది న్యాయమైన భయమే. కాబట్టి కావలసింది చెదురుమదురు ప్రయత్నాలు కాదు, ఒక ఉమ్మడి కేంద్రం. శుద్ధత, ఎండోటాక్సిన్, కణాల మీద పనితనం మూడూ పరీక్షించి, బ్యాచ్ నంబరుతో సర్టిఫికెట్ ఇచ్చి, తయారీ ఖర్చుకే సరఫరా చేసే కేంద్రం. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయో-ఈ3 విధానం బయోఫౌండ్రీల గురించి మాట్లాడుతోంది. వాటిలో మొదటి పద్దు ఇదే కావాలి. సీసీఎంబీ చుట్టూ కణ జీవశాస్త్రం తెలిసినవారున్నారు. జీనోమ్ వ్యాలీలో ఫెర్మెంటర్లు నడిపేవారున్నారు. రెండూ ఒకే నగర పరిసరాల్లో ఉన్నాయి.

ఎఫ్‌జీఎఫ్-2, టీజీఎఫ్-బీటా, ఈజీఎఫ్, ఎలుక మూలకణాలకు వాడే లిఫ్, ఈ నాలుగింటితో మొదలుపెట్టవచ్చు. సహజ రూపంలోని ఎఫ్‌జీఎఫ్-2 జన్యువును క్లోన్ చేసి దాదాపు 40 ఏళ్లవుతోంది, కాబట్టి దానిపై పేటెంట్ అడ్డు ఉండకపోవచ్చు. వేడికి తట్టుకునే రకాలపై హక్కులుంటే లైసెన్సు తీసుకోవాలి. తొలి బ్యాచ్‌ను దేశంలోని కొన్ని ల్యాబులు దిగుమతి సరుకుతో పక్కపక్కనే పెట్టి, కనీసం పది పాసేజీలు, అంటే కణాలను కొత్త ప్లేట్లలోకి మార్చే పది విడతలు, పెంచి చూడాలి. పనిచేయనిచోట్ల వివరాలతో సహా ఫలితాలు బయటపెట్టాలి. ఆ తర్వాత సీసాలు కేవలం బెంగళూరు, హైదరాబాద్ పెద్ద సంస్థలకే కాదు, వరంగల్ కాకతీయకు, కడప యోగి వేమనకు, విశాఖ ఆంధ్రా విశ్వవిద్యాలయానికి కూడా అదే ధరకు వెళ్లాలి. అక్కడి ఎమ్మెస్సీ విద్యార్థి మూలకణాన్ని పుస్తకంలో బొమ్మగా కాక, మైక్రోస్కోపు కింద తన ప్లేటులో చూడాలి.