దయ్యాన్ని అడిగిన ప్రశ్న

"భగవంతుణ్ణి నమ్మినవాడికి డిప్రెషన్ రానే రాదు. వచ్చిందంటే ఆ నమ్మకంలోనే ఎక్కడో లోపముందన్నమాట."

పోయిన కార్తీకంలో విశాఖలో ఒక ప్రవచనంలో విన్న మాట ఇది. మా పిన్నిని దింపడానికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. చప్పట్లు మోగాయి. నా ముందు వరసలో ఒకావిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు, పక్కనున్న కొడుకు ముఖంలోకి చూసింది. పాతికేళ్లుంటాయేమో ఆ కుర్రాడికి. తల వంచుకుని నేల చూస్తున్నాడు. వాళ్లెవరో, వాళ్ల కష్టమేమిటో నాకు తెలియదు. అతనికి నిజంగా ఆ జబ్బే ఉంటే, లోపలికి వచ్చేటప్పుడు జబ్బుతో వచ్చినవాడు బయటికి వెళ్లేటప్పుడు నేరం కూడా మోసుకుని వెళ్లాడు. షుగరు వచ్చినవాడితో నీ భక్తి చాల్లేదని ఎవరూ అనరు. కాలు విరిగినవాడితోనూ అనరు. మనసుకు దెబ్బ తగిలినవాడు మాత్రమే తన సచ్ఛీలతను రుజువు చేసుకోవాలి.

ఆ రాత్రి నాకు మా అప్ప గుర్తొచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటాం.

మల్కాపురంలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో కలాసీ. నాకు పదకొండేళ్లు. అప్ప రెండో కాన్పుకి పుట్టింటికొచ్చింది. మళ్లీ ఆడపిల్ల. మూడు వారాలయ్యేసరికి అప్ప అప్పలా లేదు. బిడ్డ ఏడుస్తుంటే పక్కనే కూర్చుని గోడకేసి చూసేది. అన్నం కలిపి పెడితే ముద్ద చేతిలోనే ఆరిపోయేది. తెల్లవారుజామున మూడింటికి లేచి పెరట్లో నిలబడేది. పురిటి మంచం మీద ఒంటరిగా వదిలేశారు, గాలి సోకిందని పెద్దవాళ్లు తేల్చేశారు. అమావాస్య రోజు భూతవైద్యుణ్ణి పిలిపించారు.

ముగ్గు వేశాడు. నిమ్మకాయలు కోశాడు. నిప్పుల మీద ఎండుమిరపకాయలు పోసి ఆ పొగలో అప్ప ముఖం వంచాడు. తర్వాత వేపమండలతో కొట్టడం మొదలుపెట్టాడు. చేపుకొచ్చిన పాలతో ఆవిడ జాకెట్టు తడిసిపోయి ఉంది, పక్క గదిలో బిడ్డ ఏడుస్తోంది, వాడు కొడుతూనే ఉన్నాడు. "ఎవరివే నువ్వు? ఎందుకొచ్చావు? ఏం కావాలి నీకు?" గంట తర్వాత అప్ప ఒక పేరు చెప్పింది. మా వీధిలో అంతకుముందు ఏడు నూతిలో పడి చనిపోయిన మనిషి పేరు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాడికి కోడి, డబ్బు, కొత్త పంచె ముట్టాయి.

ఎన్నో ఏళ్ల తర్వాత అప్ప నాతో అంది: "ఎవరో ఒకరి పేరు సెప్పకపోతే కొట్టడం ఆపడు గదరా తమ్మూ."

ఆ రాత్రి అడిగిన మూడు ప్రశ్నలూ మంచి ప్రశ్నలే. ఎవరివి నువ్వు, ఎందుకిలా ఉన్నావు, నీకేం కావాలి. లేని దయ్యాన్ని అడిగారు. ఎదురుగా ఉన్న మనిషిని అడగలేదు. నలభై ఏళ్లుగా నన్ను తొలిచేస్తున్నది ఇదే. పూనకం వచ్చిన కోడలి కాళ్లమీద అత్తగారు పడి తల్లీ చెప్పమ్మా అంటుంది. పూనకం దిగాక అదే కోడలు నోరు విప్పితే ఎదురు మాట్లాడుతోందంటుంది. దేవతో దయ్యమో ఒంట్లోకి వస్తే తప్ప మనింట్లో ఆడమనిషి మాటకు విలువ లేదు.

మగవాళ్ల బాధకు ఇంకో పేరుంది, శని. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలన్న నిర్ణయం 2021 జనవరిలో వచ్చింది. అప్పట్నుంచి కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం, ఇళ్లల్లో బెంగ. జీతం ఎప్పుడు పడుతుందో తెలియక నిద్రపట్టని మనిషిని భార్య జ్యోతిష్కుడి దగ్గరకు తీసుకెళుతుంది. ఏలినాటి శని అంటాడాయన, మందపల్లి వెళ్లి తైలాభిషేకం చేయించమంటాడు. ఆ లెక్క ఒకసారి చూద్దాం. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లుంటాడు. మన రాశికి ముందు రాశి, మన రాశి, తర్వాతి రాశి కలిపి ఏడున్నరేళ్లు. అంటే ఏ రోజు చూసినా పన్నెండింట మూడు రాశులవాళ్లకు ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది. నాలుగో ఇంట అర్ధాష్టమ శని, ఎనిమిదో ఇంట అష్టమ శని కూడా కలిపితే పన్నెండింట ఐదు. దాదాపు సగం జనాభాకు ఎప్పుడూ వర్తించే కారణం కారణమెలా అవుతుంది? పైగా ఏడున్నరేళ్లు ఓర్చుకోమంటారు. కుంగిపోయినవాడికి ఒక్క రాత్రి గడవడమే గండం.

అది జబ్బేనని ఎలా తెలుస్తుందంటారా? బాధ అందరికీ ఉంటుంది. కానీ రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్రా ఆకలీ తప్పడం, ఒళ్లు కదలనంత నీరసం, నేను ఎందుకూ పనికిరాననే భావం, చావు ఆలోచనలు — వీటిలో చాలావరకు కలిసి పనీ సంసారమూ దెబ్బతింటుంటే అది కుంగుబాటు. ఇంకొకటుంది. బస్సులోనో పనిలోనో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, ఇక చచ్చిపోతున్నాననిపిస్తుంది. నిమిషాల్లో తారస్థాయికి చేరి మెల్లగా తగ్గిపోతుంది. ఆసుపత్రికి పరుగెత్తితే ఈసీజీ బాగానే ఉంటుంది. నీకేమీ లేదని డాక్టరు పంపేస్తే, ఏమీ లేకపోతే గాలేనని ఇంట్లో తేల్చేస్తారు. దాని పేరు పానిక్ ఎటాక్. దానికి వైద్యం ఉందన్న ఒక్కమాట చెప్పేవాళ్లుంటే చాలా ఇళ్లల్లో తాయత్తు కట్టరు. మడి పేరుతో రోజుకు యాభైసార్లు చేతులు కడిగి తోలు ఊడగొట్టుకునే ముసలావిణ్ణి ఆచారవంతురాలని మెచ్చుకుంటాం. అదీ జబ్బే కావచ్చు, ఆవిడ లోపల ఎంత భయంతో నలిగిపోతోందో ఎవరం అడగం.

2015-16లో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12లో మన రాష్ట్రం లేదు. మన దగ్గర ఇంతకన్నా మెరుగని నమ్మడానికి నాకు ఏ ఆధారమూ కనిపించదు. బ్రిటిషువాళ్ల కాలం నుంచి మానసిక వైద్యశాల ఉన్న ఊరు మన విశాఖ. అయినా ఆ పేరును తిట్టుగానే వాడుకుంటాం, కాస్త తేడాగా మాట్లాడితే వాల్తేరు పంపాలంటాం. 2021లో మదనపల్లెలో తిరిగి బతుకుతారన్న నమ్మకంతో ఇద్దరు కూతుళ్లను చంపుకున్న తల్లిదండ్రులను చికిత్స కోసం తీసుకొచ్చింది కూడా ఇక్కడికే. వాళ్లిద్దరూ పాఠాలు చెప్పేవాళ్లు. టీవీల్లో వారం రోజులు వాళ్ల పిచ్చిని వింతగా చూపించారు. జబ్బు మనసు భక్తి భాషలో మాట్లాడుతుంటే గుర్తుపట్టడం ఎలాగన్న చర్చ నేనెక్కడా వినలేదు.

తమిళనాడులో ఏర్వాడి దర్గా చుట్టూ నయమవుతుందన్న ఆశతో రోగులను వదిలి వెళ్లేవారు. 2001 ఆగస్టు 6న అక్కడొక షెడ్డుకు నిప్పంటుకుంది. లోపలున్నవాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ చేర్చింది శత్రువులు కాదు, అయినవాళ్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి నేరస్థుడిగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడమంది. చట్టం చెప్పిన ఆ చిన్న మాట మన వేదికలకు ఇంకా చేరలేదు.

మాటలతో జబ్బు తగ్గుతుందా అని అడిగేవాళ్లలో మా హేతువాద మిత్రులు కూడా ఉన్నారు. తగ్గుతుంది. అన్నీ కాదు. లేనివి వినబడి, కనబడే తీవ్ర జబ్బులకు మందులు తప్పనిసరి, కుంగుబాటు ముదిరినప్పుడు కూడా మందులు కావాలి. మందులతోపాటుగానో, చాలామందికి మందులు లేకుండానో పనిచేసేది ఈ మాటల చికిత్స. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఒకటి గమనించాడు. కుంగిపోయినవాడి తలలో కొన్ని వాక్యాలు వాటంతటవే తిరుగుతుంటాయి. నేను ఇంటికి భారం, నేను లేకపోతే అందరూ సుఖపడతారు, ఇంక ఏదీ మారదు. రోగి వాటిని ఆలోచనలనుకోడు, నిజాలనుకుంటాడు. చికిత్స చేసే మనిషి వాటిని కొట్టిపారేయడు, ధైర్యంగా ఉండమని ఉపదేశమూ ఇవ్వడు. కాగితం మీద రాయిస్తాడు. దీనికి సాక్ష్యమేమిటి, ఎదురు సాక్ష్యమేమైనా ఉందా, ఇదే మాట నీ స్నేహితుడు అంటే నువ్వేం చెబుతావు అని అడుగుతాడు. మానేసిన పనుల్లోంచి చిన్నదొకటి ఈ వారం మొదలుపెట్టిస్తాడు, సాయంత్రం పదిహేను నిమిషాల నడకైనా సరే. భయపడి తప్పించుకునే చోటికి మెట్టు మెట్టుగా తీసుకెళతాడు. వారానికోసారి కొన్ని నెలలు. మేం హేతువాదులం ఊరూరా తిరిగి బాబాలను అడగమన్న ప్రశ్న కూడా అదే, రుజువేది? సొంత ఆలోచనను ఆ ప్రశ్న అడగడం నేర్పే చోటు ఇది. బాణామతి లేదని నిరూపించి ఊరు దాటేసిన సభలు మేం చాలా చేశాం. ఆ రాత్రి దయ్యం లేదని తెలిసిన అమ్మాయి పొద్దున లేచి ఎవరితో చెప్పుకోవాలో చెప్పకుండానే వచ్చేశాం. అది మా తప్పు.

ఖరీదైన వైద్యం కదా అంటారు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడించారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం మూడు నెలలకు వాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యమే అందినవాళ్లలో 39 శాతం. జింబాబ్వేలో 2006 నుంచి శిక్షణ పొందిన అవ్వలు ఆరోగ్య కేంద్రం బయట చెక్కబెంచీ మీద కూర్చుని ఈ పని చేస్తున్నారు. ఈ బాధకు వాళ్ల భాషలో ఉన్న పేరుకు అర్థం 'మరీ ఎక్కువగా ఆలోచించడం'. మా అమ్మ కూడా అప్పను చూసి అదే అనేది, దీనికి ఆలోచనలెక్కువైపోయాయని. పేరు మన దగ్గరా ఉంది. ఆ బెంచీయే లేదు. ఫోనుంది: 14416, టెలీ మానస్ సహాయవాణి, 2022 అక్టోబరులో మొదలైంది. ఏ వేళప్పుడైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆలయ బోర్డు మీద పూజల పట్టిక పక్కన ఆ నంబరు కూడా రాయించమని ఇద్దరు ధర్మకర్తలను అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

ప్రవచనం విన్న మర్నాడు గాజువాకలో అప్ప ఇంటికి వెళ్లాను. అరవై దాటింది ఆవిడకి. టీ పెట్టి ఎదురుగా కూర్చుంది. అప్పా, ఆ రోజుల్లో నీకేం అనిపించేది అని అడిగాను. చాలాసేపు గ్లాసు తిప్పుతూ ఉండిపోయింది.

"రాత్రుళ్లు పాపని ఎత్తుకుంటే సేతులొణికేవిరా" అంది. "ఎక్కడ కింద పడేస్తానో అని బయిం. అందుకే ఎత్తుకునేదాన్ని కాదు."