డెమోలో కనిపించని బగ్

"గుండెల్లో చేపపిల్ల కొట్టుకున్నట్టుందిరా నాన్నా" అంది అమ్మమ్మ. పరుగున ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ నార్మల్! మామూలు ఈసీజీ రాసుకునేది పది సెకన్లే. అప్పటికే దడ తగ్గిపోయింది. డెమోలో కనిపించని బగ్ అంటే ఇదే. పట్టాలంటే లాగ్ ఆన్‌లో ఉంచాల్సిందే.

ఇంట్లో మూలన పడున్న రాస్ప్‌బెర్రీ పై తీశాను. ఏడీ8232 అనే చిన్న ఈసీజీ బోర్డు, మూడు స్టిక్కర్ ఎలక్ట్రోడ్లు కొన్నాను. ఈ బుల్లి కంప్యూటర్‌ అనలాగ్ సిగ్నల్‌ని నేరుగా చదవలేదు, అందుకే మధ్యలో ఓ ఏడీసీ చిప్. కరెంటు మాత్రం పవర్ బ్యాంక్ నుంచే. ఒంటికి వైర్లు అంటించి గోడ ప్లగ్‌కి కలిపితే ప్రమాదం.

లాజిక్ సింపుల్. ప్రతి బీట్‌కీ గ్రాఫ్‌లో ఓ పొడవాటి ముల్లు లేస్తుంది. పాన్, టాంప్‌కిన్స్ 1985లో చెప్పిన పద్ధతితో వాటిని పట్టుకుని, ముల్లుకీ ముల్లుకీ మధ్య టైమ్ లెక్కేయాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఆ గ్యాప్‌లకు వరసా వావీ ఉండదు. గుండె పైగదుల్లో రక్తం నిలిచి గడ్డకట్టి, మెదడుకు చేరితే పక్షవాతం. ఆ ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఐదు రెట్లు.

అక్కడితో ఆగానా? తేడా బీట్లను గుర్తించే మోడల్ కూడా ట్రైన్ చేశా. ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్: 47 మంది, 48 రికార్డింగులు, ఒక్కోటి అరగంట. రిజల్ట్ 99 శాతం కరెక్ట్! రాత్రంతా గాల్లో తేలా. పొద్దున చూస్తే ఒకే మనిషి బీట్లు ట్రైనింగ్‌లోనూ ఉన్నాయి, టెస్ట్‌లోనూ ఉన్నాయి. లీకైన పేపర్‌తో ఫస్ట్ ర్యాంక్ అన్నమాట. మనుషుల వారీగా విడదీస్తే స్కోరు దిగిపోయింది. అమ్మమ్మ ఆ 47 మందిలో లేదు కదా!

అందుకే స్క్రీన్ మీద "మీ గుండె బాగుంది" అనే మెసేజ్ తీసేశా. "ఈ ముక్క డాక్టర్‌కి చూపించండి" ఒక్కటే ఉంచా.

సాయంత్రం సీరియల్ చూస్తున్నంతసేపూ అమ్మమ్మకు స్టిక్కర్లే. మూడోరోజు చేపపిల్ల దొరికింది. డాక్టర్ నా గ్రాఫ్ చూసి నమ్మేయలేదు, 24 గంటల హోల్టర్ పెట్టారు. అందులోనూ అదే తేలింది. ఇప్పుడు మందులు వాడుతోంది.

చవక కంప్యూటర్ డాక్టర్ కాదు, కాపలాదారు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీ నొప్పి వచ్చినా గ్రాఫ్ చూస్తూ కూర్చోకండి. 108కి కొట్టండి.