తనవారని చూడని త్రాసు



పరాయివారి తగవు తీర్చడం అంత కష్టం కాదు. తనవారు ఒక వైపు, న్యాయం మరొక వైపు నిలిచినప్పుడే తీర్పరికి అసలైన పరీక్ష. అటువంటి పరీక్షకు నిలిచిన ఒక న్యాయాధిపతిని గూర్చి ఈ నెల తెలుసుకొందాము.

ఫ్రాంక్ జాన్సన్ 1918లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక తెల్లజాతి కుటుంబంలో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడ్డారు. 1955లో, నలభై ఏళ్లయినా నిండకముందే, మాంట్‌గోమరీ నగరంలో ఫెడరల్ జిల్లా జడ్జి అయ్యారు. సాక్షులను విచారించే మొదటి మెట్టు కోర్టే అయినా అది రాష్ట్ర ప్రభుత్వానిది కాదు. అక్కడి జడ్జిని దేశాధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, పదవి జీవితాంతం ఉంటుంది. గవర్నరుకు కోపం వచ్చినా తీసివేయలేడు. అయితే ఇరుగుపొరుగువారి కోపం నుండి కాపాడే చట్టమేది?

ఆ డిసెంబరులోనే రోసా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవానికి సీటు వదలనందుకు అరెస్టయినది. నల్లవారు ఏడాదికి పైగా సిటీ బస్సులెక్కడం మానివేశారు. అదే అవమానం పొందిన మరికొందరు స్త్రీలు దావా వేయగా, ముగ్గురు జడ్జీలు విన్నారు. 1956 జూన్‌లో జాన్సన్, మరొక జడ్జి కలిసి బస్సులలో వర్ణభేదం చెల్లదని తీర్పు చెప్పారు. మూడవ జడ్జి ఒప్పుకొనలేదు. నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచింది.

నాటి నుండి బెదిరింపులు మొదలైనవి. ఎరిగినవారే ముఖం తిప్పుకొన్నారు. 1967లో ఆయన తల్లి ఇంటిపై బాంబు వేశారు. ఆమెకు గాయము కాలేదు. కుమారుడు తీర్పులు మార్చుకొనలేదు.

ఆయన నల్లవారి పక్షం వహించారని అనుకొంటే పొరపాటే. 1965 మార్చి 7న సెల్మా వంతెనపై పోలీసులు పాదయాత్రికులను చావగొట్టారు. యాత్రికులు కోర్టుకు వస్తే, విచారణ ముగిసేవరకు నడవవద్దని జాన్సన్ వారినే ఆపారు. సాక్ష్యం విని, కొట్టిన దృశ్యాల ఫిల్ము చూచి, మార్చి 17న అనుమతినిచ్చారు. జరిగిన అన్యాయం ఎంత పెద్దదో, నిరసన తెలిపే హక్కు అంత పెద్దదన్నారు. అయినా రోడ్డు ఇరుకైన చోట 300 మందే నడవాలని షరతు పెట్టారు. ఆ తీర్పు ఎదుర్కొన్న గవర్నరు జార్జి వాలెస్ ఆయనతో లా కాలేజీలో చదివినవాడే!

తరువాత మానసిక రోగుల ఆసుపత్రులను, జైళ్లను కూడ మనుష్యులుండదగినవిగా చేయమని రాష్ట్రాన్ని ఆదేశించారు. 1979లో అప్పీలు కోర్టుకు వెళ్లారు. 1995లో దేశపు గొప్ప పౌర పురస్కారం అందుకొని, 1999లో కన్నుమూశారు. ఒకప్పుడు ఆయనను వెలివేసిన మాంట్‌గోమరీలోనే కోర్టు భవనానికి నేడు ఆయన పేరున్నది.

మనమెవరమూ జడ్జీలము కాము. కాని అత్తాకోడళ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య, మన పిల్లవానికి పొరుగు పిల్లవానికి మధ్య ప్రతి దినము తీర్పరులమే. పొరుగువాని తప్పు తూచిన రాయితోనే మనవాని తప్పూ తూస్తున్నామా? ఆ ఒక్క ప్రశ్న ఈ నెలంతా మన ఇంట ఉండనిద్దాము.