నమలడం సోకు కాదు

పళ్లు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. తిరిగి కట్టించుకునేటప్పుడు ఆ ధీమా పనికిరాదు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ప్రైవేటు దంతవైద్యశాలలకు, 'కొత్త చిరునవ్వు' ప్రకటనలకు కొదవ లేదు. కానీ నోరంతా బాగుచేయడం ఒక్క పూటలో తేలే పని కాదు. ముందు చిగుళ్ల జబ్బు నయం చేయాలి. నిలిచే పళ్లకు అవసరమైతే రూట్ కెనాల్ చేసి క్యాప్ తొడగాలి. ఊడినచోట బ్రిడ్జి, కట్టుడు పళ్ల సెట్టు, ఇంప్లాంట్లలో ఏది తగునో తేల్చాలి. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1965లో తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. అవి దవడ ఎముకతో కలిసిపోవడానికి నేటికీ సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. మధుమేహం అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి విఫలమయ్యే ముప్పు ఎక్కువ.

రాజధానిలో ప్రభుత్వ రంగంలో ఎయిమ్స్ దంతవైద్య కేంద్రం, మౌలానా ఆజాద్ దంతవైద్య సంస్థ ఉన్నాయి. 2025లో ఢిల్లీ కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ పథకం వర్తిస్తుంది. అయితే ఆసుపత్రిలో చేరనక్కరలేని మామూలు పంటి వైద్యానికి అందులో చోటు లేదు. కట్టుడు పళ్ల అవసరం ఎక్కువగా పడేది ఆ వయసులోనే! నమల్లేని వృద్ధులు పప్పులు, కూరలు, పండ్లు మానేసి మెత్తటి గంజితో సరిపెట్టుకుంటే పోషణే దెబ్బతింటుంది. కనీసం పూర్తి పళ్ల సెట్టునైనా పథకంలో చేర్చాలి. దశలు, ఖర్చు, ప్రత్యామ్నాయాలు రాసిచ్చాకే ప్రైవేటు వైద్యశాలలు చికిత్స మొదలుపెట్టేలా నిబంధన తేవాలి.