పేర్లతో నిండిన మొదటి పేజీ

సంపాదకులకు,

మహావిషాదాన్ని మొదటి పేజీలో చెప్పగలిగేది ఫొటో ఒక్కటేనన్న మీ గత ఆదివారం వ్యాసంతో ఏకీభవించలేను. 2020 మే 24 నాటి న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఒక్క ఫొటో లేదు. అమెరికాలో కోవిడ్ మృతులు లక్షకు చేరువవుతున్న వేళ, పైనుంచి కిందిదాకా పేర్లే. పేరు, వయసు, ఊరు, ఆ మనిషి గురించి ఒక్క ముక్క. లోపలి పేజీలతో కలిపి వెయ్యి మంది. అంటే పోయినవాళ్లలో నూటికి ఒక్కరు!

ఆ ముక్కలన్నీ దేశమంతటా చిన్నాపెద్దా పత్రికలు వేసిన సంస్మరణల్లోంచి ఏరినవి. నన్ను కదిలించింది ఇదే. ఊరి పత్రిక ఎవరో రిటైర్డ్ టీచరు గురించి నాలుగు వాక్యాలు రాసి ఉండకపోతే, అంత పెద్ద పత్రికకూ ఆ పేజీ దక్కేది కాదు. హత్యకు గురైన ఒకరి పేరు పొరపాటున అందులో చేరితే తర్వాతి ఎడిషన్లలో తీసేశారు. పేరు వేస్తేనే కదా తప్పు బయటపడేది!

మన దగ్గర బస్సు కాలిపోయినా, పడవ మునిగినా మృతుల పేర్లు తరచూ జిల్లా పేజీలో ఓ మూలకే పరిమితం, అదీ ఇంటిపేర్లలో తప్పులతో. మృతదేహాల ఫొటోలు మానేసి, ఆ జాబితాను సరిచూసి మొదటి పేజీలో వేయండి.

— ఓ పాఠకురాలు, తెనాలి